వంటవాడు పారిపోయే సీను

మా బెజవాడలో సినిమా ఎలా ఉందో చెప్పే హక్కు సినిమా మొత్తం చూసినవాళ్లకి ఉండేది కాదు, మొదటి ఆట నుంచి ముందుగా బయటపడ్డవాళ్లకి ఉండేది. మా పేటకి కేబులు ఇచ్చే అతను కొత్త సినిమా వచ్చినప్పుడల్లా మార్నింగ్ షో వదిలే వేళకి కెమెరా, మైకు పట్టుకుని హాలు గేటు దగ్గర నిలబడేవాడు. టీవీలో తమ ముఖం చూసుకోవాలని సరదా ఉన్నవాళ్లు ఆఖరి పది నిమిషాలూ వదిలేసి మరీ పరుగెత్తుకొచ్చి ఆ మైకు ముందు తోసుకునేవాళ్లు. వాళ్లేమంటే అదే టాక్. బెజవాడలో టాక్ ఎలా ఉంటే మిగతా ఊళ్లలో ఆట అలా ఉంటుందని మావాళ్లకి గొప్ప కూడాను. అలాంటి మైకు ఒకటి మా ఆయన ముఖం మీదికి వచ్చింది. ఆయన ఒక్క మాట అన్నారు. ఆ మాట పట్టుకుని వారం రోజులు వీధి వీధంతా నవ్వింది. ఇన్నేళ్ల తరవాత కూడా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఆయన మిలట్రీలో పదిహేడేళ్లు చేసి వచ్చారు. భవానీపురంలో మేడ మీద రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నాం. ఇబ్రహీంపట్నం వైపు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది. ఖాకీ బట్టలు, నల్ల బెల్టు, మడత చెదరని చొక్కా. ఎడమ చేతికి చివరి రెండు వేళ్లు సగానికి లేవు. ఆ నడక, ఆ చెయ్యి చూసి వీధిలో అందరూ 'మిలట్రీగారు' అనేవాళ్లు. మిలట్రీలో ఏం చేసేవారని ఒక్కరూ అడగలేదు. మిలట్రీ అంటే తుపాకీయే కదా అనుకున్నారు.

ఆయన కుక్కు. పదిహేడేళ్లూ లంగరులోనే పనిచేశారు. లంగరంటే జవాన్లకి వండిపెట్టే వంటశాల. తుపాకీ కాల్చడం నేర్పించారుగానీ ఆయన చేతికి రోజూ అందింది గరిటె. సంబంధం మాట్లాడేటప్పుడే ఆ మాట మా నాన్నకి చెప్పారు. మా నాన్న బందరు అవతల సముద్రం మీద వేటకి వెళ్లే మనిషి. నాలుగైదు రోజులు బోటు మీదే ఉండేవాళ్లు. "గంజి కాచేవాడు లేకపోతే వల లాగేవాడు లేడమ్మా, మంచి సంబంధం" అన్నాడు. ఆ మాట విని చేసుకున్నదాన్ని నేను. ఆ మాట మర్చిపోయినదాన్నీ నేనే.

కార్గిల్ గొడవ అయిన మరుసటేడు ఒక చిన్న సినిమా వచ్చింది. కొత్త హీరో, అయిదుగురు సైనికులు. ఆ అయిదుగురే కాసేపటికి గెడ్డాలు పెట్టుకుని శత్రువులై వచ్చి మళ్లీ చచ్చిపోయేవాళ్లు. కాశ్మీరని చూపించింది మా కొండపల్లి గుట్టలు. ఒక షాట్‌లో హీరో జెండా పట్టుకుని కొండెక్కుతుంటే వెనకాల ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనపడ్డాయి. హాల్లో ఈలలే ఈలలు. "బార్డరు మనూళ్లోనే ఉందిరోయ్, పదండి, సిటీ బస్సు ఎక్కుదాం" అని ఎవరో అరిస్తే నేను కూడా కడుపుబ్బ నవ్వాను. అయినా ఆ రోజుల్లో మిలట్రీ అంటే జనానికి ప్రాణం. ఆ సినిమా బాగానే ఆడింది.

ఆ రోజుల్లో సాయంత్రం కరెంటు పోతే వీధి పిల్లలంతా మా మేడ మీదికి చేరేవాళ్లు. నాకు కథలు చెప్పడం సరదా. ఆ సినిమా చూసొచ్చిన ఒక పిల్ల అడిగింది:

"ఆంటీ, మిలట్రీ అంకుల్ వేళ్లు కూడా అట్లానే బాంబుకి పోయినియ్యా?"

చీకట్లో పది ముఖాలు నా వైపు తిరిగి ఉన్నాయి. కాదు అంటే కథ అక్కడితో అయిపోతుంది.

"ఆఁ, అట్లానే" అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు శత్రువు బాంబు విసిరాడన్నాను. ఆ తరవాత ఈయన దాన్ని గాల్లో పట్టుకుని తిరిగి విసిరారన్నాను. పిల్లలు ఇళ్లకెళ్లి చెప్పుకున్నారు. పెద్దవాళ్లు విన్నారు. ఇంటివాళ్లావిడ, అంటే మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు, ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపి, "అంత పని చేసిన మనిషి మా ఇంట్లో ఉండటం మా అదృష్టమండీ" అంది. నేను తలొంచుకుని, "ఏదోలెండి" అన్నాను. ఆ 'ఏదోలెండి'తో ఆ అబద్ధానికి ముద్ర వేసేశాను.

నిజం తెలిసింది మాకు కాకుండా ఒక్కరికే. పక్కింటి టైలరు భాయిగారికి. రంజాను నెలలో వాళ్లింట్లో పెద్ద డేగిశా పొయ్యెక్కితే మా ఆయన వెళ్లి లుంగీ ఎగ్గట్టి నిలబడేవారు. ఇద్దరూ మసాలా దగ్గర వాదించుకునేవాళ్లు. ఆదివారాలు మా ఇంట్లో వంట ఆయనదే. నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు.

నాలుగేళ్లకి ఆ సినిమా రెండో భాగం వచ్చింది. మొదటి ఆటకి మాజీ సైనికులని పిలిచి స్టేజి మీద శాలువాలు కప్పుతారట, పేటకి ఇద్దరు ముగ్గురు కావాలట. మా పేట నుంచి కేబులతను మా ఆయన పేరిచ్చాడు. కుటుంబంతో రమ్మన్నారు. వీధివాళ్లు కూడా టిక్కెట్లు తెప్పించుకున్నారు.

ఆయన రానన్నారు. "నేనెందుకే అక్కడ? ఎవరో అడుగుతారు, ఏదో చెప్పాలి" అన్నారు.

"ఎవరడుగుతారు? శాలువా కప్పించుకుని దిగిపోతారు, అంతేగా" అన్నాను.

కిందికి వెళ్తే భాయిగారు కుట్టుమిషను ఆపి, "వద్దక్కా, ఆయనకి ఇష్టం లేదు. బలవంతం చెయ్యమాక" అన్నారు. నేను వినలేదు. ట్రంకు పెట్టెలోంచి మెడల్సు తీసి చింతపండుతో తోమాను. చొక్కాకి నేనే పిన్ను పెట్టాను. వన్‌టౌన్‌లో హాలుకి ఆటోలో వెళ్లాం, ఆయన, నేను, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. దారి పొడవునా ఆయన మెడల్సుకి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. సిగ్గుపడుతున్నారు కాబోలు అని మురిసిపోయాను. ఎంత మొద్దుదాన్నో.

ఆట మొదలయ్యేముందు స్టేజి మీద ముగ్గురిని నిలబెట్టారు. సినిమావాళ్ల తరఫు మనిషి ఒకడు, మెరుపు చొక్కా వేసుకుని, మైకు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. మొదటాయన సిగ్నల్సులో చేశానన్నాడు, చప్పట్లు. రెండో ఆయన ట్యాంకు నడిపానన్నాడు, పెద్ద చప్పట్లు. మా ఆయన దగ్గరికొచ్చాడు. ఆ చెయ్యి చూశాడు.

"సార్ చెయ్యి చూడండి, దేశం కోసం ఇచ్చేశారు. సార్, మీరు బార్డర్‌లో ఏం చేసేవారో మన ప్రేక్షకులకి చెప్పండి" అన్నాడు.

"నేను లంగరులో చేశానండి" అన్నారు ఆయన.

"అంటే సార్?"

"కుక్కునండి. వంటవాణ్ణి."

వెనకెక్కడో ఒక నవ్వు మొదలైంది. మెరుపు చొక్కావాడు తడబడి, "అయ్యో, పర్లేదు సార్, జవాన్లకి చపాతీలు కూడా కావాలి కదా" అన్నాడు. ఆ పర్లేదు అన్నందుకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. రెండో వరసలో ఇంటివాళ్లావిడ మెడ తిప్పి నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. తెర మీద ఇంకా ఏమీ లేదు.

తరవాత సినిమా వేశారు. ఏం చెప్పను దాని గురించి. డబ్బు లేక తీసిన సినిమా అని మొదటి భాగాన్ని నవ్వి వదిలేశాం. బుర్ర కూడా లేదని రెండో భాగంలో తెలిసింది. మంచని ఉప్పు పోశారు. ఆ ఉప్పు మంచులో హీరో పొట్టి చేతుల చొక్కాతో తిరుగుతాడు. మా ఆయన నా చెవి దగ్గర ఒక్కటే మాటన్నారు: "గ్లౌజులు వేసుకోలేదు వాళ్లు." మూడు గంటల్లో ఆయన అన్నది అంతే.

ఈ భాగంలో కామెడీ కోసం ఒక వంటవాణ్ణి పెట్టారు. బొజ్జ, బొజ్జ మీద జారిపోయే ప్యాంటు, చేతిలో గరిటె. మొదటి తుపాకీ పేలగానే వాడు పెద్ద గుండిగలో దూరి మూత పెట్టుకుంటాడు. రెండోది పేలగానే గుండిగతో సహా దొర్లుకుంటూ పారిపోతాడు. ప్యాంటు తడుస్తుంది. జనం పడీపడీ నవ్వారు. నవ్వించడానికే పెట్టారు, నవ్వనీ. కానీ సెకండాఫ్‌లో ఆ వంటవాడే శత్రువుకి దారి చూపిస్తాడు. బంగారం బిళ్ల తీసుకుని చూపిస్తాడు. హీరో వాణ్ణి కాల్చేముందు, "ఉప్పు తిన్న ఇంటికే ద్రోహం చేశావురా" అని ఉపన్యాసం. ఉప్పు పెట్టేవాడే వాడు కదరా దరిద్రుడా, అనుకున్నాను.

వంటవాడు తెర మీదికి వచ్చిన ప్రతిసారీ వెనక నుంచి మా వరసలోకి కేకలు.

"కుక్కుగారూ, పప్పు మాడుతుంది, చూసుకోండి."

"అన్నా, గుండిగ తెచ్చుకున్నావా?"

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. లేద్దాం పదండన్నాను. ఆయన లేవలేదు. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని ఆఖరి అక్షరం వరకూ కూర్చున్నారు.

మేం బయటికొచ్చేసరికి గేటు దగ్గర టాక్ జోరుగా నడుస్తోంది. నాకు ఒక్కొక్కటీ గుర్తే.

"ఫస్ట్ పార్టంత లేదన్నా. ఫైట్లు మాత్రం అదిరినియ్యి."

"హీరో ఎంట్రీకి డబ్బులొచ్చేసినియ్యి. సెకండాఫ్ కాస్త సాగదీశాడు."

"సెంటిమెంటు పండింది. మా ఆవిడ ఏడ్చింది." ఆ పక్కన ఆవిడ పల్లీలు తింటోంది.

"వంటోడి కామెడీ సూపరు. వాడు పారిపోయే సీను కోసం ఇంకోసారి చూడొచ్చు."

కేబులతను మమ్మల్ని చూసి ఆ గుంపులోంచి తోసుకుంటూ వచ్చాడు. "బాబాయిగారూ, మిలట్రీ మనిషిగా మీరు చెప్పండి, సినిమా ఎలా ఉంది?"

మా ఆయన "బాగుందండి" అన్నారు.

ఆ మాట ఎందుకన్నారో నాకు తెలుసు. ఆయన ఎవరింట్లో ఏం తిన్నా అలాగే అంటారు. పదిహేడేళ్లు రోజుకి రెండొందల మందికి వండి, కంచం ముందు కూర్చుని వంక పెట్టేవాళ్లని చూసిన మనిషి. ఎవరి పనికీ ముఖం మీద వంక పెట్టరు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ గుంపుకి తెలియదు. గుంపు గొల్లుమంది.

నేను మైకు లాక్కున్నాను. "ఏం బాగుంది? వండిపెట్టేవాణ్ణి దొంగని చేశారు. మంచు అంటే ఉప్పనుకున్నారు. ఇంట్లో అన్నం వండే మనిషి లేకుండా పుట్టారా వీళ్లంతా? నవ్వేవాళ్లు ఈ పూట అన్నం మానేసి నవ్వండి, చూద్దాం" అని నోటికొచ్చిందంతా అన్నాను. కెమెరా మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. కేబులతను తల ఊపుతూనే ఉన్నాడు.

సాయంత్రం కేబులు చానెల్లో వేశాడు. వీధిలో అన్ని టీవీలూ అదే. మెరుపు అక్షరాలతో 'మాజీ సైనికుడి మాట' అని వచ్చింది. నేను కూడబలుక్కుని చదివేలోపే మా ఆయన ముఖం వచ్చింది. "బాగుందండి." వెంటనే గుండిగ దొర్లే సీను. మళ్లీ "బాగుందండి." మళ్లీ గుండిగ. నేనన్న మాటల్లో ఒక్కటి లేదు. నా చీర అంచు మాత్రం ఒక మూల కనపడింది.

రోజుకి నాలుగుసార్లు వేశాడు, వారం రోజులు. టీ కొట్టు దగ్గర ఆయన్ని చూసి కుర్రాళ్లు కోరస్‌గా "బాగుందండి" అనడం మొదలుపెట్టారు. ఆయన టీ కొట్టు మానేసి కరకట్ట మీదుగా చుట్టు తిరిగి డ్యూటీకి వెళ్లేవారు. బళ్లో మా అమ్మాయిని, "మీ నాన్న గరిటెతో కాలుస్తాడంటగా" అన్నారు. ఆదివారం వచ్చింది. ఆయన వంటింట్లోకి వెళ్లలేదు. పేపరు పట్టుకుని కూర్చున్నారు. ఒకే పేజీ తిప్పకుండా పట్టుకుని కూర్చున్నారు. నేను చేసిన పులుసు తిని, "బాగుంది" అన్నారు. అని, ఆ మాట తనకే వినబడి, చెయ్యి కడిగేసుకున్నారు.

ఆ వేళే మెట్ల మీద ఇంటివాళ్లావిడ ఎదురైంది.

"ఏవండీ, బాంబు పట్టుకున్నారన్నారు. వంట పనైతే బాంబెక్కడిదండీ? కూరగాయల కత్తికి తెగినియ్యా వేళ్లు?" అంది. నవ్వుతూనే అంది. పక్కన మరో ఇద్దరు ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

బాంబు నేను పెట్టింది. కత్తి వాళ్లు పెట్టారు. రెండిట్లో ఏదీ నిజం కాదు. నిజం చెప్పాలంటే ముందు నా అబద్ధం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆయన ఆ వీధిలో కత్తికి వేళ్లు తెగ్గోసుకున్న వంటవాడిగా, ఆ సినిమా బాగుందన్న వెర్రివాడిగా మిగిలిపోతారు. మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు కేబులు ఆఫీసుకి బయల్దేరాను. భాయిగారు చూసి, ఎందుకని అడక్కుండా చెప్పులేసుకుని వెంట వచ్చారు.

ఆఫీసంటే జిరాక్సు షాపు మీద ఒక గది. అతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"పిన్నిగారూ, నా తప్పేం లేదు. మీరు రెండు నిమిషాలు మాట్లాడారు, నాకున్నది ఒక్క నిమిషం. పైగా ఆ సినిమావాళ్లు మనకి యాడ్ ఇస్తున్నారు."

"ఆయన మాట ఒక్కటే. దాన్ని నువ్వు రోజుకి నాలుగుసార్లు వేస్తున్నావు. నా రెండు నిమిషాలు ఒక్కసారి వెయ్యి."

"అది చెరిపేశానండి."

"చెరిపేస్తే మళ్లీ చెప్తాను. కెమెరా తియ్యి."

"పోనీ ఈ ఆదివారం సాయంత్రం ఆ సినిమా మీదే ప్రేక్షకుల అభిప్రాయాలని లైవ్ పెడుతున్నాను. ఫోన్ చెయ్యండి, మాట్లాడిస్తాను."

"ఫోనైతే మధ్యలో కోస్తావు. ఇక్కడే కూర్చుని చెప్తాను."

"అట్లా కుదరదు పిన్నిగారూ. ఆడోళ్లని స్టూడియోలో..."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ భాయిగారు మెల్లగా అన్నారు. "బాబూ, మన వీధి మొత్తానికి లైన్లు చీల్చే పెట్టె ఎక్కడుంది?"

"మీ పిట్టగోడకే కదండీ."

"ఆఁ. ఆ గోడకి సున్నం వేయిద్దామనుకుంటున్నా. నువ్వు రేపటికల్లా ఆ పెట్టెకి ఇంకో గోడ చూసుకో నాన్నా. తొందరేం లేదు, రేపు సాయంత్రం లోపు."

కేబులతను ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అయిదింటికి రండి పిన్నిగారూ" అన్నాడు.

ఆదివారం వెళ్లాను. ఇంట్లో ఆయనకి భాయిగారింటికి వెళ్తున్నానని చెప్పాను. ఒక అబద్ధం దిద్దడానికి ఇంకో అబద్ధం. గదిలో రెండు కుర్చీలు, వెనక నీలం తెర. కేబులతను టై కట్టుకున్నాడు. ముందు ఫోన్లు తీసుకున్నాడు. గుణదల నుంచి ఒకాయన ఫైట్లు ఇంకా ఉంటే బాగుండేదన్నాడు. ఇంకెవరో మూడో భాగం ఎప్పుడని అడిగాడు. ఒక ఆడపిల్ల గొంతు, హీరో పక్కన హీరోయిన్ ఎత్తు సరిపోలేదంది. ఇవీ అభిప్రాయాలు. ఒక మనిషిని బతికుండగా గుండిగలో పెట్టి దొర్లించారన్న సంగతి ఒక్కరికీ పట్టలేదు.

నా వంతు వచ్చింది. అతను, "ఇప్పుడు మన భవానీపురం నుంచి ఒక మాజీ సైనికుడి భార్య..." అని మొదలుపెట్టాడు.

"ఆర్మీ కుక్కు భార్యని" అన్నాను. "అలాగే చెప్పు."

చెప్పాడు.

ముందు బాంబు సంగతి చెప్పాను. మా వీధి పిల్లలకి నాలుగేళ్ల కిందట కరెంటు పోయినప్పుడు అబద్ధం చెప్పానన్నాను. గాల్లో బాంబు పట్టుకోవడం నేను కల్పించిందేనన్నాను. ఆ సమయానికి ఫోన్ మోగింది. గొంతు నాకు తెలుసు, మా వీధి చివర ఉండేవాడే.

"అయితే కత్తికే తెగినియ్యా ఆంటీ?"

"విను నాన్నా, చెప్తాను" అన్నాను. "పైన కొండ మీద పోస్టులో అయిదుగురు జవాన్లున్నారు. మంచు పడి వాళ్లకి తిండి వెళ్లి మూడు రోజులైంది. అంత ఎత్తులో నీళ్లు కాగుతాయిగానీ పప్పు ఉడకదు. కింద లంగరులో మా ఆయన మూడు గంటలు కూర్చుని ఉడకబెట్టారు. వేడి ఆరకుండా ఉండే ఇనప డబ్బాలో పోసి, వీపుకి కట్టుకుని ఎక్కారు. దారిలో మూత కొక్కెం ఊడింది. గ్లౌజుతో పట్టు దొరకలేదు. గ్లౌజు తీసి ఉత్త చేత్తో పెట్టారు. ఆ చలికి ఇనుము చేతిని పట్టేసింది. లాక్కుంటే చర్మం ఊడొచ్చింది. అట్లానే ఎక్కి, రెండో చేత్తో వడ్డించి, కిందికొచ్చాక చూపించారు. అప్పటికి వేళ్లు నల్లబడ్డాయి. డాక్టర్లు తీసేశారు. ఇంతే. దీంట్లో బాంబు లేదు, కత్తి లేదు."

అతను ఏదో అనబోయాడు. "నాదింకా అయిపోలేదు" అన్నాను. "ఆ సినిమా తీసినవాళ్ల మీద కోపంతో వచ్చాను. వండిపెట్టేవాడంటే నవ్వులాటని వాళ్లనుకున్నారు. వాళ్లు ఈ ఏడు అనుకున్నది నేను నాలుగేళ్ల కిందటే అనుకున్నాను. వంట అని చెప్పడానికి నామోషీ అయ్యి బాంబని చెప్పాను. నన్ను కూడా తిట్టండి. కానీ మా ఆయన్ని చూసి ఇంకోసారి నవ్వితే మాత్రం, నవ్వినవాళ్ల గుమ్మం ముందుకొచ్చి కూర్చుంటాను. ఇది నా అభిప్రాయం."

ఫోన్ చేసినవాడు పెట్టేశాడో, వింటున్నాడో తెలియదు. కేబులతను దగ్గి, యాడ్ వేశాడు. అదే సినిమా యాడ్.

ఇంటికొచ్చేసరికి వీధిలో గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్లు నన్ను చూసి లోపలికి వెళ్లారు. ఇంటివాళ్లావిడ తలుపు వేసే ఉంది. పైకి వెళ్లాను. టీవీ ఆపేసి ఉంది. మా అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"మూడు రోజులు కాదు, రెండు రోజులు" అన్నారు. "పోస్టుకి తిండి వెళ్లి."

చూశారన్నమాట.

"మీరు చెప్పినప్పుడు మూడనే గుర్తు" అన్నాను.

"రెండు. ఉన్నదున్నట్టు చెప్పడం నీకింక రాదా?"

పెళ్లయ్యాక ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదలు. అమ్మాయి కిందికి వెళ్లిపోయింది.

"స్టేజి మీద కుక్కునని ఎందుకన్నాననుకుంటున్నావు? నోరు జారిందనుకున్నావా?" అన్నారు. "నువ్వు పెట్టిన బాంబు నాలుగేళ్లు మోశాను నేను. పిల్లలు నన్ను అడగలేదనుకున్నావా? మొదటి వారంలోనే మెట్ల మీద ఆపి అడిగారు. అంకుల్, బాంబు ఎంత బరువుంటుంది అని. కాదు అంటే మీ ఆంటీ అబద్ధం చెప్పిందని చెప్పినట్టు. అందుకని, అరకిలో ఉంటుందమ్మా అన్నాను. పదిహేడేళ్లలో బాంబు చేత్తో పట్టుకోనివాణ్ణి, అరకిలో అన్నాను."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"ఏమని? నువ్వు ఎంత సంబరంగా చెప్పేదానివో నేను లోపల్నించి వినేవాణ్ణి. నా సంగతి ఉన్నదున్నట్టు చెప్పేటప్పుడు నీకు ఆ సంబరం ఏనాడూ లేదు. హాల్లో వాళ్లు నవ్వితే నవ్వారు. వాళ్లు టిక్కెట్టు కొనుక్కున్నవాళ్లు. నువ్వు నా చేతి వంట తిన్నదానివి."

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. సినిమావాళ్ల మీద, కేబులతని మీద, ఇంటివాళ్లావిడ మీద కూడగట్టుకున్న కోపమంతా తిరిగి నా మీదికే వచ్చి పడింది. ఏడుపు వస్తే తేలికయ్యేది. రాలేదు.

కాసేపటికి ఆయన లేచి వంటింట్లోకి వెళ్లారు. ఏం చెయ్యాలని అడగలేదు, నన్ను రమ్మనలేదు. బియ్యం కడిగిన చప్పుడు వినిపించింది. ఆ పూట మా ముగ్గురికీ ఆయనే వడ్డించారు. ఎలా ఉందని అడగలేదు. నేనూ చెప్పలేదు. చెబితే ఆయన నమ్మేలా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మర్నాటి నుంచి ఆ "బాగుందండి" ముక్క చానెల్లో రాలేదు. సినిమా మాత్రం ఇంకో రెండు వారాలు ఆడింది. మా ఆయన కరకట్ట చుట్టు మానేసి మళ్లీ టీ కొట్టు ముందు నుంచే డ్యూటీకి వెళ్లారు. ఎవరో "కుక్కుగారూ, రండి, టీ తాగుదురుగాని" అన్నారట. ఆగి తాగారు. ఆ పేరే వీధిలో స్థిరపడిపోయింది. మిలట్రీగారు అనేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కొందరు మర్యాదగా పిలిచేవాళ్లు, కొందరి గొంతులో ఇంకా ఆ గుండిగ దొర్లుతూనే ఉండేది. ఆయన అందరికీ ఒకేలా పలికేవారు. ఎవరు ఏ గొంతుతో పిలిచారో ఆయన పట్టించుకోలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఇల్లిల్లూ గుర్తుంది.